గుమ్మి వెనక గోడ

మొన్న ఫోనులో అడిగావు కదా నాన్నా, "అబ్‌నార్మల్ అంటే మీ ఊళ్ళో ఏమనేవాళ్ళు నానమ్మా?" అని. చాలా అనేవాళ్ళం. పిస్సది అనేవాళ్ళం, ఎడ్డిది అనేవాళ్ళం, తిక్కది, దివాన్ది, గాలి తగిలినది అనేవాళ్ళం. ఏదీ కుదరకపోతే "మనిషి సక్కగ లేదు" అనేవాళ్ళం. నీకు రెండు మూడు మాత్రమే చెప్పాను. ఫోను నేనే పెట్టేశాను. లైను తెగిందనుకున్నావేమో, తెగలేదు. అందుకే ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను. నీ తర్వాత పుట్టిన ఇద్దరికీ నువ్వే చదివి వినిపించు.

నేను పుట్టి పెరిగింది పెద్దమందడి దగ్గర ఒక పల్లెలో. అప్పుడు మాకు వనపర్తి రాజావారే సర్కారు, ఆయన పైన నిజాం. మట్టి గోడల మిద్దె ఇల్లు మాది. లోపలి అర్రలో గుమ్మి ఉండేది. గుమ్మి అంటే వెదురుతో అల్లి, పేడతో మెత్తి, జొన్నలు పోసుకునే పెద్ద బుట్ట. మనిషి నిలబడితే కనపడనంత ఎత్తు. దానికీ గోడకూ మధ్య ఒక సందు ఉండేది. పెద్దవాళ్ళు పట్టరు. తొమ్మిదేళ్ళ నేను పట్టేదాన్ని, మా చిన్నమ్మ పట్టేది.

చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. బల్మూరు అవతల, నల్లమల అంచున ఉన్న ఊరి నుంచి వచ్చింది. వచ్చి మూడేళ్ళయినా పిల్లలు లేరు. మనిషి సన్నగా, తెల్లగా పాలిపోయి ఉండేది. నీళ్ళ బిందె దించి గోడకు ఆనుకుని ఆయాసం తీర్చుకునేది. పనిలో మాత్రం ఎవరికీ తీసిపోదు. పండగకు గోడలు ఎర్రమన్నుతో అలికే పని ఆమెదే. ఆమె అలికితే గోడ మీద చెయ్యి పోయిన గుర్తు కనపడేది కాదు.

ఒకరోజు గుమ్మి వెనక ఆమె కూర్చుని ఉంటే నేనూ దూరాను. గోడలోంచి వేలితో ఇంత మన్ను గీకి నోట్లో వేసుకుంటోంది. నన్ను చూసి బెదరలేదు.

"తింటవా?" అన్నది.

"మన్నా?"

"రవ్వంత నాలుక మీద పెట్టుకో. నమలకు."

పెట్టుకున్నాను. మొదట నాలుకకు అంటుకుని తడంతా పీల్చేసింది. తర్వాత మెల్లగా కరిగింది. తొలకరి పడ్డప్పుడు నేల నుంచి లేచే వాసన ఎట్లా ఉంటుందో, దాని రుచి అట్లా ఉంది. మళ్ళీ అడిగాను. ఆ రోజు నుంచి మేమిద్దరం పని తెమిలాక గుమ్మి వెనక కూర్చునేవాళ్ళం. ఆమె తన ఊరి ముచ్చట్లు చెప్పేది, నేను వినేదాన్ని, ఇద్దరం గోడ తినేవాళ్ళం. మామిడికాయ తిన్నట్టే. అది తప్పని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. కొన్ని నెలలకు ఆ గోడలో తలకాయ పట్టేంత బొంద పడింది.

శివరాత్రి దాటాక కొత్త జొన్నలు వచ్చాయి. పాతవి తోడేసి, గుమ్మిని పక్కకు జరిపి, మళ్ళీ పేడతో మెత్తాలి. ఆ పని చేయించేది మా నాయనమ్మ. మేం అవ్వ అనేవాళ్ళం. గుమ్మి జరిగింది, బొంద బయటపడింది. నేను తలుపు మూల నక్కాను. అవ్వ వంగి చూసింది, వేలు పెట్టి చూసింది. పందికొక్కు పని కాదని తెలిసిపోయింది.

"ఎవరు దిన్నరే గిది?"

చిన్నమ్మ చేతిలో పేడ ముద్ద అట్లాగే ఉంది. "నేనే అత్తా" అన్నది.

వీపు పగులుతుందనుకున్నాను. అవ్వ ఒక్కసారిగా నవ్వింది. "ఓ పిల్లా! నాకెందుకు చెప్పకపోతివే? మన్ను దినబుద్ది గాకుంటె ఇంకేం దినబుద్దయితది, మా వంశంల అందరికీ గట్లనే!" అని ఆమె బుగ్గలు పుణికింది. పేడ చేతులతోనే వాకిట్లోకి పోయి గట్టిగా చెప్పింది, "మా చిన్న కోడలు నీళ్ళోసుకున్నదే!"

లెక్క చూస్తే ఆ నెల చిన్నమ్మ బయట కూర్చోవలసిన రోజు దాటి పది రోజులైంది. అంతకు ముందు కూడా ఆమెకు అట్లా దాటిపోవడం మామూలే. కానీ ఆ రోజు అది ఎవరికీ గుర్తు రాలేదు. చిన్నమ్మ చెప్పబోయింది.

"అత్తా, గట్లేం లేదు. నాకు ఎప్పటిసందో అలవాటు..."

"సిగ్గువడుతున్నది" అన్నారు అందరూ.

తర్వాతి ఇరవై రోజులు ఆ ఇంట్లో ఆమె బతికిన బతుకు అంతకు ముందు లేదు, ఆ తర్వాత లేదు. బిందె ఎత్తనివ్వలేదు. మొదటి రొట్టె ఆమెకే, దాని మీద నెయ్యి. మా అమ్మ ఆమె తల దువ్వి పెట్టేది. ఇక వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి కూర్చుని ఎవరు ఏం తిన్నారో చెప్పుకుంటూ నవ్వడమే నవ్వడం.

"నేను నా పెద్దోనప్పుడు పొయ్యిల బూడిద తిన్న. మా అత్త సూసి పొయ్యికి మూత వెట్టింది."

"నేను పుట్టమన్ను. రోజుకు దోసెడు."

"నువ్వు తిన్నవు గనకనే నీ కొడుకు గంత నల్లగ పుట్టిండు!"

"ఇగో కోడలా, మా చెరువు కట్ట మన్ను. మీ గోడ మన్ను కన్న గిది కమ్మగుంటది, తిని సూడు."

మోదుగాకుల్లో కట్టి తెచ్చేవాళ్ళు. కాల్చిన పెంకు ముక్కలు, తెల్ల సుద్ద, వాగు ఒండ్రు. చిన్నమ్మ ముందు వరసగా పెట్టి, ఏది బాగుందో చెప్పమనేవాళ్ళు. ఆమె తల దించుకుని కొద్ది కొద్దిగా తినేది. నాకూ పెట్టేది, అందరి ముందే. "పిల్లకెందుకే" అని ఒకామె అంటే, అవ్వ "తిననియ్యి, దానికీ ఒకనాడు తప్పదు" అన్నది.

ఇరవై ఒకటో రోజు పొద్దున చిన్నమ్మ ఇంట్లోకి రాలేదు. కొట్టం పక్క అరుగు మీద, దూరంగా కూర్చుంది. అవ్వ చెంబు పట్టుకుని అటు పోతూ చూసి ఆగింది.

"ఏందే, అక్కడ గూసున్నవు?"

బయటైన ఆడవాళ్ళు కూర్చునే అరుగు అది, చెప్పేదేముంది. అవ్వ చెంబులో నీళ్ళు అక్కడే పారబోసింది.

"మరి గా మన్నెందుకు దిన్నవే?"

నాన్నా, ఈ ప్రశ్న ఎంత తప్పుడు ప్రశ్నో నాకు ఇన్నేళ్ళకు తెలుస్తోంది. అదే మన్ను. అదే నోరు. కడుపుంటే ముచ్చట, కడుపు లేకపోతే రోగం. మోదుగాకుల్లో సుద్ద కట్టి తెచ్చిన ఆడవాళ్ళే మూడో రోజు మళ్ళీ వచ్చారు, ఈసారి వట్టి చేతులతో. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు, కొట్టంలో పేడ వాసన అన్నట్టు.

"నేను అప్పుడే అనుకున్న, కండ్లు సూస్తె తెలుస్తలేదా?"

"అడివి దిక్కు పిల్లలు గట్లనే ఉంటరు. గాలి పట్టుకొని వస్తది."

"మనిషి సక్కగ లేదక్కా. ఇంట్ల పిల్లలున్నరు, పైలం."

ఆ ఇంట్లో ఉన్న పిల్ల నేను. ఆ రోజు నుంచి నన్ను ఆమె పక్కన పండనివ్వలేదు. వాడకట్టు పిల్లలు "మంటి పిస్సది, మంటి పిస్సది" అని పాటలాగా అనేవాళ్ళు. మీకు దాచకుండా చెప్తున్నాను, నేనూ అన్నాను. వాళ్ళందరికంటే గట్టిగా అన్నాను. నా నోట్లో కూడా ఆ మన్నే ఉందని ఎవరికైనా గుర్తొస్తుందేమోనని. చిన్నమ్మ బట్టలు ఆరేస్తూ విన్నది. తలెత్తి నా వైపు చూసి, తడి చీర దులిపి మళ్ళీ ఆరేసింది.

బొందను అవ్వ కోడిపెంటా మిరపకారమూ కలిపిన మన్నుతో పూడ్పించింది. అర్రలోకి పోతే కళ్ళు మండేవి. పక్క ఊరి నుంచి ఒక మంత్రగాడిని పిలిపించారు. నోటి నిండా ఆకు, వక్క. మా వాకిట్లో కూర్చుని ఎర్రగా ఉమ్ముతూ చెప్పాడు, "నోటికి పట్టిన గాలి నోటినుంచే పోవాలె. ఏడిండ్ల చీపుర్లు కాల్చుండ్రి. పెనిమిటి చెప్పు తెండ్రి."

చీపుర్ల బూడిదను నీళ్ళలో కలిపారు. చెప్పు తెమ్మని అవ్వ నన్ను పంపింది. చిన్నాయన చెప్పులు కొట్టం దగ్గర ఉన్నాయి. పొద్దున మడిలో తిరిగి వచ్చినవి, అడుగున ఎద్దుపేడ అంటుకునే ఉంది. తుడుద్దామని చేతిలోకి తీసుకున్నాను. "ఏం జేస్తున్నవే, జల్ది రా" అని కేక వినపడింది. తుడవకుండానే తెచ్చి ఇచ్చాను.

ఆ చెప్పు ఆమె నోట్లో పెట్టి పళ్ళతో పట్టుకోమన్నారు. ఇద్దరు ఆడవాళ్ళు చేతులు పట్టుకున్నారు. చెప్పు పక్కనుంచి బూడిద నీళ్ళు పోశారు. ఆమె గుక్క పట్టి కక్కింది. "పోతున్నది, గాలి పోతున్నది" అన్నాడు మంత్రగాడు, ఆ కక్కు వైపు వేలు చూపిస్తూ. మన్ను తిన్నదని అసహ్యించుకున్న వాళ్ళు, పేడ చెప్పు తినిపించి చేతులు కడుక్కున్నారు. దేనితో కడుక్కున్నారనుకున్నావు? మన్నుతోనే. మా ఇంట్లో పేడ ముట్టుకున్నా, ఎంగిలి ముట్టుకున్నా ఇంత మన్ను రుద్దుకుంటేనే శుద్ధి.

చిన్నాయన ముందరి అరుగు మీద కూర్చుని ఎద్దు పగ్గం పేనుతున్నాడు. పేనినదే విప్పి మళ్ళీ పేనాడు. ఒక్క చెప్పుతో నడిచి పొలం పోలేడు కదా, అది తిరిగి వచ్చేదాకా కూర్చున్నాడు.

ఎండలు ముదిరాక బండి కట్టుకుని బీచుపల్లి పోయాం. ఆంజనేయస్వామికి మొక్కు. అక్కడ పూజారి మంచి మనిషి. ఏమీ అడగలేదు, తీర్థమిచ్చి "తల్లీ, చల్లగుండు" అన్నాడంతే. కృష్ణ ఒడ్డున స్నానానికి దిగినప్పుడు మాత్రం అవ్వ చిన్నమ్మ చేతులు రెండూ తన కొంగుతో కలిపి కట్టింది. ఏటి ఒండ్రు చూస్తే మళ్ళీ బుద్ధి పుడుతుందని. ఒడ్డు మీద స్నానాలు చేసే జనమంతా చూస్తున్నారు. ఒక తల్లి తన బిడ్డ కళ్ళు మూసింది. ముడి పడ్డ చేతులతోనే చిన్నమ్మ మూడు మునకలు వేసింది.

గుడి ముందు అవ్వ మాట చెప్పింది. "ఇగ విను పిల్లా. దేవుని ముంగట చెప్తున్న. నలభై రోజులు గోడ ముట్టకుంటె ఈ ఇంట్ల నా కోడలివి. ముట్టినవా, నీ అన్న ఇంటికి బండి గట్టిపిస్త. నా కొడుక్కు ఇంకో పిల్లను తెస్త."

"ముట్ట అత్తా" అన్నది చిన్నమ్మ.

ముట్టలేదు. నేను కాపలా కాసినట్టు చూశాను కాబట్టి చెప్పగలను. అవ్వ రోజూ పొద్దున అర్రలోకి దీపం పట్టుకుని పోయి నాలుగు గోడలూ తడిమి చూసేది, "ఇయ్యాల పదహారు", "ఇయ్యాల ఇరవై ఎనిమిది" అనుకుంటూ బయటికి వచ్చేది. చిన్నమ్మ నోట్లో చింతగింజ పెట్టుకుని చప్పరిస్తూ పని చేసుకునేది. ముప్పై దాటాక అవ్వ మొహం కొంచెం మెత్తబడింది. ఒకరోజు రొట్టె మీద ఆమెకు కూడా నెయ్యి వేసింది.

ముప్పై ఐదో రోజున మిరుగు వాన, అదే మృగశిర తొలకరి, పడింది.

నాన్నా, ఎండిన మిద్దె మీద మొదటి వాన పడితే ఇల్లంతా ఎట్లా వాసన వస్తుందో మీ ఇళ్ళలో మీకు తెలియదు. గోడలే నిశ్వాసం విడిచినట్టుంటుంది. అందరూ వాకిట్లో వాన చూస్తున్నారు. నేను గుమ్మి వెనక్కి దూరాను. పాత బొంద దగ్గర కారం ఉంది. దానికి జానెడు పక్కన, కొత్త చోట, వేలు పెట్టాను. రవ్వంత అనుకున్నాను. కళ్ళు మూసుకుని తిన్నాను. ఎంత తిన్నానో నాకే తెలియలేదు.

తెల్లవారి అవ్వ దీపం పట్టుకుని పోయింది. "ముప్పై ఆరు" అన్న మాట రాలేదు.

అందరినీ పిలిచింది. చిన్నమ్మ వచ్చి నిలబడింది. గోడలో నిమ్మకాయ పట్టేంత గుంట. దాని చుట్టూ వేలి గుర్తులు. చిన్న వేలు, చిన్న గోరు. చూడదలుచుకున్న కళ్ళకు కనపడతాయి. మా అమ్మ చూడలేదు, చిన్నాయన చూడలేదు. అవ్వ దీపం దగ్గరగా పట్టి కూడా చూడలేదు. పిస్సది ఎవరో ఇంట్లో ముందే తేలిపోయాక గోరు కొలతలు ఎవరికి కావాలి?

చిన్నమ్మ చూసింది. ముందుకు వంగి, తన బొటనవేలు ఆ గుర్తు మీద ఆనించింది, ముగ్గు చుక్క చెరిపినట్టు ఒక్కసారి రుద్దింది. తర్వాత నా వైపు చూసింది. నేను మా అమ్మ కుచ్చిళ్ళు పట్టుకుని ఉన్నాను. నాలుక మీద ఇంకా ఇసుక తగులుతోంది.

"చెప్పు, ఎవరు దిన్నరు?" అన్నది అవ్వ.

"నేనే అత్తా."

నేను నోరు విప్పలేదు. విప్పితే నన్ను కూడా ఆ మాటలతో పిలుస్తారు, నా నోట్లో కూడా చెప్పు పెడతారు. అంతవరకే నాకు తెలుసు.

బండి కట్టారు. ఆమె సామాను ఒక్క మూట. ఎక్కబోతూ నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. "బిడ్డా, సల్ల ఉట్టి మీద వెట్టిన. పిల్లికి అందకుంట సూడు" అన్నది. బండి పోయింది. మరుసటి ఏడు చిన్నాయనకు ఇంకో చిన్నమ్మ వచ్చింది. ఆమె వచ్చిన ఐదో నెలలో పొయ్యి గడ్డ కొరికింది. వాడకట్టంతా నవ్వుకుంది. నిజంగానే కడుపు.

నన్ను గద్వాలలో ఇచ్చారు. అక్కడ ఆడవాళ్ళ మాటల్లో సగం కన్నడం, మొదట్లో అర్థమయ్యేది కాదు. మీ పెద్దనాన్న నా కడుపులో పడ్డప్పుడు నాకు మళ్ళీ ఆ వాసన కావలసి వచ్చింది. గోడకు ముక్కు ఆనించి నిలబడ్డ నన్ను మా అత్త చూసింది. నవ్వుకుంటూ పోయి తమలపాకులో ఎర్రమన్ను పెట్టుకొచ్చింది. "తిను, తిను, సిగ్గెందుకు? గిది మామూలే గదా" అన్నది. నోట్లో పెట్టుకున్నాను. ఆ "మామూలే" అన్న మాట వినగానే పేడ వాసన వచ్చింది. అక్కడే కక్కాను. వేవిళ్ళనుకుని మా అత్త ఇంకా సంతోషపడింది. ఒంట్లో రక్తం తక్కువైతే కడుపున్నా లేకున్నా మన్ను తినబుద్ధవుతుందని చాలా ఏళ్ళకు ఒక డాక్టరమ్మ నా కంటి రెప్ప లాగి చూస్తూ చెప్పింది. మాత్రలు రాసి ఇచ్చింది. అంతే. చెప్పు అడగలేదు.

ఆ మొదటి కడుపుతోనే ఒక పెళ్ళికి నాగర్‌కర్నూల్ పోయినప్పుడు సంతలో చిన్నమ్మ కనపడింది. వాళ్ళ అన్నతో వచ్చింది. చెంచుల దగ్గర తీసుకున్న సారపలుకులు, అదే సారపప్పు, గంపలో పోసుకుని కూర్చుంది. చెంపలు నిండాయి. నన్ను తనే గుర్తు పట్టింది.

"నువ్వేనా బిడ్డా? ఎంత అయినవే! ఎన్నో నెల?"

"ఆరు."

"ఏం తినబుద్దయితున్నది?"

ఆమె నవ్వి, దోసెడు సారపలుకులు నా కొంగులో పోసింది. "ఇవి తిను. మన్నుకు పండ్లు అరుగుతయి" అన్నది. పక్కన మా అత్త లేదు, ఎవరూ లేరు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకుని అడిగాను. "చిన్నమ్మా, ఆ పొద్దు గోడ నేను దిన్న. నువ్వెందుకు నేనే అన్నవు?"

ఆమె గంప సర్దుతూ ఆగింది. నోరు తెరిచింది. అంతలో వాళ్ళ అన్న బండి కట్టి కేకేశాడు. "వస్తున్నా" అని అటు తిరిగి, గంప నెత్తికెత్తుకుని, "పోత బిడ్డా, పైలం" అన్నది. ఆ చలికాలమే జ్వరమొచ్చి పోయిందని తెలిసింది.

నన్ను కాపాడుదామని అన్నదని చాలా ఏళ్ళు అనుకున్నాను. అట్లా అనుకుంటే నాకు ఏడుపు వచ్చేది, ఏడిస్తే మనసు తేలికయ్యేది. ఈ మధ్య ఆ చెంపలు గుర్తుకొస్తున్నాయి, గంప దగ్గర ఆ నవ్వు గుర్తుకొస్తోంది. ఇంకో నాలుగు రోజులైతే నలభై నిండేవి, ఆ అత్తకు ఆమె కోడలిగా మిగిలిపోయేది. గోడ మీద నా వేలి గుర్తు చెరిపినప్పుడు ఆమె నా మీద జాలిపడిందా? లేక మేమంటేనే, ఆ సక్కగున్న ఇల్లంటేనే రోత పుట్టి, పోవడానికి దారి దొరికిందని ఊపిరి పీల్చుకుందా?